‘రేపు’ని ‘మర్నాడు’ చేసే వ్యాకరణం

మా అమ్మమ్మ ఒక సంగతి పదే పదే చెప్పేది. తాతయ్య పోయిన రాత్రి గురించి.

“‘రేపు పెందలాడే లేపు, నీళ్ళ వంతు మనదే’ అన్నారే మీ తాతయ్య. అనేసి అటు తిరిగి పడుకున్నారు.”

అంతే. ఆ తర్వాత ఏమైందో ఆవిడ చెప్పేది కాదు. చెప్పక్కర్లేదు కూడా, వినేవాళ్ళందరికీ తెలుసు.

అమ్మమ్మ కూడా పోయాక, న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ మనవల కోసం ఆవిడ చెప్పిన కబుర్లు కొన్ని ఇంగ్లీషులో రాసి పంపుదామనుకున్నాను. ఆ పిల్లలకి తెలుగు అర్థమవుతుంది గానీ చదవడం రాదు. తాతయ్య మాట దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి దానంతటదే ఇలా రాసేసింది: ‘హీ ఆస్క్‌డ్ హర్ టు వేక్ హిమ్ అప్ ఎర్లీ ద నెక్స్ట్ డే.’ తప్పేమీ లేదు. పరీక్షలో అయితే పూర్తి మార్కులు పడతాయి. కానీ చదువుకుంటే అది మా అమ్మమ్మ మాటలా లేదు, పోలీసు పంచనామాలా ఉంది.

ఏం పోయిందా అని చూస్తే, పోయింది ‘రేపు’. ‘ద నెక్స్ట్ డే’ అనాలంటే ఆ రోజు వచ్చి వెళ్ళిపోయి ఉండాలి, మనం ఇవతల ఒడ్డున నిలబడి దాన్ని లెక్కపెట్టాలి. తాతయ్య అన్నది అలాంటి రోజు కాదు. ఆయనకి అది రానేలేదు. అమ్మమ్మ నలభై ఏళ్ళపాటు ఆ మాటని ‘రేపు’గానే ఉంచింది. నేను ఒక్క వాక్యంలో దాన్ని ‘మర్నాడు’ చేసేశాను.

ఇది నా చేతగానితనమా, ఇంగ్లీషు లక్షణమా, లేక నాకు ఇంగ్లీషు నేర్పిన పాఠం చేసిన పనా? కొన్నాళ్ళుగా ఇదే ఆలోచిస్తున్నాను. ఈ వ్యాసం ఆ పాఠం మీద ఒక విమర్శ అనుకోండి.

*

డైరెక్ట్ స్పీచ్, ఇండైరెక్ట్ స్పీచ్. మనలో చాలామంది ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఈ పాఠం దాటొచ్చినవాళ్ళమే. బోర్డు మీద రెండు నిలువు వరసలు. ‘నౌ’ ఉంటే ‘దెన్’. ‘హియర్’ ఉంటే ‘దేర్’. ‘దిస్’ ఉంటే ‘దట్’. ‘టుడే’ ఉంటే ‘దట్ డే’. ‘ఈజ్’ ఉంటే ‘వాజ్’. ‘విల్’ ఉంటే ‘వుడ్’. ‘ఐ’ ఉంటే ‘హీ’. ఎడమ వైపున్నవన్నీ మాట్లాడే మనిషికి దగ్గరగా ఉన్నవి. కుడి వైపున్నవన్నీ దూరమైనవి. ఒక మనిషి మాటని అతని దగ్గర్నుంచి తీసి దూరంగా పెట్టడం ఎలాగో నేర్పే పట్టిక అది. మాకు అలా చెప్పలేదు, బట్టీ పట్టమన్నారు.

మన దేశంలో ఈ పాఠం అనగానే గుర్తొచ్చే పేరు రెన్ అండ్ మార్టిన్. 1930లలో వచ్చిన ఆ వ్యాకరణాన్ని తర్వాత ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించారు. ఆ సవరించిన ప్రతే మన ఇళ్ళలో తరాలుగా చేతులు మారింది. ఈ ఇద్దరిలో పి.సి. రెన్ నవలాకారుడు కూడా. 1924లో వచ్చిన ‘బ్యూ జెస్ట్’ అనే సాహస నవల ఆయనదే. పాత్రల చేత మాట్లాడించడం తెలిసినవాడు మనకి మాటల్ని విప్పి మడతపెట్టడం నేర్పాడన్నమాట.

ఆ పాఠంలో నన్ను అప్పుడు నవ్వించి ఇప్పుడు భయపెట్టేది రిపోర్టింగ్ వెర్బ్. ఎవరైనా ‘అలాస్!’ అన్నారంటే ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో’ అని రాయాలి. ‘హుర్రా!’ అంటే ‘ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్’. ‘తలుపు వెయ్యి’ అన్నవాడు యజమాని అయితే ‘ఆర్డర్డ్’, నౌకరు అయితే ‘రిక్వెస్టెడ్’. మాట అదే. ఎవరు ఎవరితో అన్నారో చూసి అది ఆజ్ఞో, విన్నపమో తేల్చాల్సింది విద్యార్థి. పధ్నాలుగేళ్ళ పిల్లలకి మనం వ్యాకరణం పేరుతో హోదాలు నేర్పుతున్నాం. ఆడపిల్ల ‘అబ్బా, వదిలెయ్’ అంటే అది ‘రిక్వెస్టెడ్’ అవుతుందా, ‘ఫర్‌బేడ్’ అవుతుందా? జవాబు వ్యాకరణంలో ఉండదు, రాసేవాడి దగ్గర ఉంటుంది.

ఇది బడితో అయిపోయే సంగతి కాదు. పేపర్లో రోజూ కనపడే రెండు వాక్యాలు చూడండి. ‘అసభ్య పదజాలంతో దూషించాడు.’ ‘కులం పేరుతో దూషించారు.’ దెబ్బ తిన్న మనిషి చెవిలో ఇంకా మోగుతున్న మాటలు కొన్ని ఉంటాయి. వాటి స్థానంలో ఈ శుభ్రమైన వాక్యం వచ్చి కూర్చుంటుంది. ఆ మాటల్ని అచ్చు వేయకపోవడానికి మంచి కారణాలే ఉండొచ్చు. కానీ చదివేవాళ్ళకి చేరేది దెబ్బ కాదు, దెబ్బ ఏ రకానిదో చెప్పే చీటీ.

*

అదే పాఠంలో ఒక మినహాయింపు ఉంది: విశ్వసత్యాలకి కాలం మారదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని మాస్టారు చెప్పారు అన్నప్పుడు, ‘తిరుగుతుంది’ అన్నది ప్రెజెంట్ టెన్స్‌లోనే ఉండాలి. బాగుంది. మరి మాస్టారు ‘ఆడవాళ్ళకి ఓర్పు ఎక్కువ’ అంటే? అది మాస్టారి అభిప్రాయమా, విశ్వసత్యమా? టెన్స్ మార్చాలా, వద్దా?

జేన్ ఆస్టిన్ ఈ ప్రశ్న మీదే నవలలు రాసిందేమో అనిపిస్తుంది. 1813లో వచ్చిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ మొదటి వాక్యం గుర్తు తెచ్చుకోండి. లోకమంతా ఒప్పుకున్న సత్యాన్ని చెబుతున్నట్టు, ఠీవిగా, ప్రెజెంట్ టెన్స్‌లో ఉంటుంది. ఇంకాస్త చదివేసరికి అది సత్యం కాదనీ, పెళ్ళీడు కూతుళ్ళున్న ఇరుగుపొరుగు తల్లుల ఆశ అనీ తెలుస్తుంది. ఎవరన్నారో చెప్పలేదు. కొటేషన్ గుర్తులు లేవు. ‘దట్ వాళ్ళు అనుకున్నారు’ అని లేదు. కథకురాలి గొంతులో ఊరి గొంతు కూర్చుని మాట్లాడుతోంది.

ఆ తర్వాత వచ్చిన ‘ఎమ్మా’లో ఇది ఇంకా ముదిరింది. అక్కడ పేజీలకి పేజీలు ఎమ్మా అభిప్రాయాలే, థర్డ్ పర్సన్‌లో, పాస్ట్ టెన్స్‌లో, చూడ్డానికి కథనంలాగే సాగుతాయి. ఫలానా అతను ఫలానా అమ్మాయిని ఇష్టపడుతున్నాడని కథనం చెబుతుంది, మనం నమ్మేస్తాం. చివరికి తేలేదేమిటంటే అలా అనుకున్నది ఎమ్మా మాత్రమే, అదీ తప్పుగా. మోసపోయింది ఎమ్మాతో పాటు మనం కూడా.

ఈ పద్ధతికి ఛార్లెస్ బాలీ అనే స్విస్ భాషావేత్త 1912లో ఫ్రెంచిలో ఒక పేరు పెట్టాడు. ఇంగ్లీషులో దాన్ని ‘ఫ్రీ ఇండైరెక్ట్ స్టైల్’ అంటారు. ‘స్వేచ్ఛా పరోక్ష కథనం’ అనుకోవచ్చు మనం. దీన్ని బడి పట్టికతో పోల్చి చూస్తే తమాషాగా ఉంటుంది. ‘ఐ’ వెళ్ళి ‘షీ’ అయింది, ‘విల్’ వెళ్ళి ‘వుడ్’ అయింది. అంతవరకు రెన్ అండ్ మార్టిన్ చెప్పినట్టే. కానీ ‘టుమారో’ మాత్రం ‘టుమారో’గానే ఉండిపోతుంది. ‘నౌ’ కూడా. ‘దట్’ ఉండదు, ‘సెడ్’ ఉండదు. ‘టుమారో షీ వుడ్ గో హోమ్.’ ఇది బడిలో తప్పు. నవలలో ఇంతకన్నా సహజమైన వాక్యం లేదు. ‘షీ’, ‘వుడ్’ కథకుడివి. ‘టుమారో’ ఆ అమ్మాయిది. ఒకే వాక్యంలో ఇద్దరు మనుషులు ఉన్నారు.

అంటే నా ‘రేపు’ని చంపింది ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు పాఠం. ఆ భాషలో రాసినవాళ్ళు రెండు వందల ఏళ్ళ కిందటే ఆ రేపుని బతికించుకునే దారి కనిపెట్టారు. మనకి మాత్రం పట్టిక చేతికిచ్చి, దారి చూపించలేదు.

*

ఎవరి మాట అన్నది తేలకపోతే ఏం ప్రమాదం? కోర్టుకి ఎక్కేంత ప్రమాదం.

ఫ్లోబేర్ ‘మదామ్ బొవరీ’ 1856లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1857 మొదట్లో నీతికి, మతానికి విరుద్ధంగా ఉందని ఫ్రెంచి ప్రభుత్వం ఆయన మీద కేసు పెట్టింది. ప్రాసిక్యూటర్ పేరు ఎర్నెస్ట్ పినార్. ఆయన గట్టిగా పట్టుకున్న ఘట్టాల్లో ఒకటి, ఎమ్మా బొవరీ మొదటిసారి పరపురుషుడితో గడిపి వచ్చి అద్దంలో తనని తాను చూసుకునే చోటు. అక్కడ ఆమె ఆనందం, ఆమెకి ఇక దొరకబోతున్న సుఖాలు, అన్నీ కథనంలోనే ఉంటాయి. ‘అని ఎమ్మా అనుకుంది’ అన్న కంచె ఉండదు. పినార్ ఆ వాక్యాల్ని రచయిత నోట పెట్టి, ఇది వ్యభిచారాన్ని కీర్తించడం కాదా అన్నాడు. ఫిబ్రవరిలో కోర్టు పుస్తకాన్ని మందలిస్తూనే ఫ్లోబేర్‌ని వదిలేసింది.

ఆ తర్వాత నూటపదేళ్ళకి జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యౌస్ ఈ కేసుని మళ్ళీ తిరగేశాడు. ప్రాసిక్యూటర్ పొరపాటు నీతి గురించి కాదు, వ్యాకరణం గురించి అని ఆయన వాదన. అవి రచయిత తీర్పులు కావు, స్వేచ్ఛా పరోక్షంలో ఉన్న పాత్ర భ్రమలు. కానీ యౌస్ పినార్‌ని వెక్కిరించి ఊరుకోలేదు. నిజంగా కలవరపెట్టే విషయం ఒకటుంది అంటాడు. ‘ఇది తప్పు’ అని పాఠకుడికి చెప్పే కథకుడు ఆ నవలలో లేడు. తీర్పు చెప్పే పని పాఠకుడి మీద పడింది. పినార్ భయపడింది అందుకే.

పినార్‌లు మన మధ్య ఇప్పుడు కూడా ఉన్నారు. కథలో ఒక్క వాక్యం స్క్రీన్‌షాట్ తీసి ‘చూడండి ఈ రచయిత బుద్ధి’ అని పెట్టడం మనకి కొత్త కాదు. నేనూ ఒకసారి చేశాను. తర్వాత కథ మొత్తం చదివి ఆ పోస్టు తీసేశాను. సిగ్గుతో చెబుతున్నాను ఈ మాట.

అయితే రెండో వైపు కూడా చూడాలి. ‘అది నా అభిప్రాయం కాదు, పాత్ర అభిప్రాయం’ అన్న జవాబు ప్రతిసారీ చెల్లదు. స్వేచ్ఛా పరోక్షం రచయిత దాక్కోడానికి కూడా పనికొస్తుంది. తన చులకన భావాన్ని పాత్ర నెత్తిన పెట్టి తప్పుకోవచ్చు. తేడా ఎలా పోల్చుకోవాలి? నాకు పనికొచ్చే పరీక్షలు రెండు. ఒకటి, ఆ వాక్యంలో ఉన్న ‘ఇప్పుడు’, ‘ఇక్కడ’, ‘రేపు’ ఎవరివి, అందులో మాటలు ఎవరు వాడే మాటలు. రెండు, కథలో మరెక్కడైనా ఆ అభిప్రాయానికి ఎదురు తగిలే సంఘటన గానీ, మరో మనిషి గొంతు గానీ ఉందా. ఎమ్మాకి ఆస్టిన్ కథలో ఎదురుదెబ్బలు తగులుతాయి. ఏ దెబ్బా తగలకుండా కథంతా ఒకే అభిప్రాయం చుట్టూ హాయిగా తిరుగుతుంటే, అది పాత్రదని నమ్మడం కష్టం.

*

మరి తెలుగులో సంగతేమిటి? తెలుగు వాచకాల్లోనూ ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం అని ఒక పాఠం ఉంటుంది. ‘నేను’ ఉన్నచోట ‘తాను’ పెట్టు, ‘మా’ ఉన్నచోట ‘తమ’ పెట్టు. అక్కడితో పాఠం అయిపోతుంది. కానీ ఆ చిన్న పాఠం కింద పెద్ద వింత ఉంది.

రవి ‘నేను వస్తాను’ అన్నాడు. దీన్ని మార్చండి. ‘రవి తను వస్తానని అన్నాడు.’ ఇప్పుడు ‘తను వస్తాను’ అన్న ముక్కని విడిగా చూడండి. తప్పు. ‘తను వస్తాడు’ అనాలి. కానీ వెనక ‘అని’ వచ్చి నిలబడగానే ఆ తప్పు ఒప్పయిపోయింది. సర్వనామం మాట చేరవేసేవాడి వైపు నుంచి ఉంది. క్రియ ఇంకా రవి నోట్లోనే ఉంది. ఇంగ్లీషు నవల కష్టపడి, వ్యాకరణాన్ని ధిక్కరించి సాధించిన జంట గొంతు తెలుగులో కూరగాయల బేరంలో కూడా దొరుకుతుంది. కాలం కూడా మారదు. ‘రేపు వస్తానన్నాడు’ అంటే అతని ‘రేపు’, అతని ‘వస్తాను’ చెక్కు చెదరకుండా మనకి అందుతాయి. ఎంత చెదరవంటే ఒక్కోసారి గొడవలొస్తాయి. ‘నేను వస్తానని చెప్పాడు’ అంటే వచ్చేది వాడా, నేనా?

‘అట’ సంగతి ఇంకోటి. ‘వస్తానన్నాడు’ అంటే మాట అతనిది, నేను విన్నాను. ‘వస్తాడట’ అంటే ఎవరో అన్నారు, నా పూచీ లేదు. తెలంగాణలో ‘వస్తడట’ అన్నా, మరో చోట ‘వస్తాడంట’ అన్నా ఇదే. సాక్ష్యం కళ్ళారా చూసినదో చెవులారా విన్నదో అయి ఉండాలనీ, వినికిడి చెల్లదనీ 1872 నాటి సాక్ష్య చట్టం అరవయ్యో సెక్షన్ పెట్టి చెప్పాల్సివచ్చింది. తెలుగువాళ్ళు ఆ హెచ్చరికని ఒక్క అక్షరంలో క్రియ చివర తగిలించుకుని తిరుగుతారు. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా వదలరు. ‘హీ ఈజ్ కమింగ్, ఇట్ సీమ్స్’ అంటాం చూడండి, అది అదే. ఆఫీసులో దాన్ని దిద్దేవాళ్ళు తప్పు దిద్దుతున్నామనుకుంటారు. నిజానికి మన నిజాయితీని కొట్టేస్తున్నారు.

ఇంకా ముఖ్యమైనది, కథలు రాసేవాళ్ళకి బాగా పనికొచ్చేది ఒకటుంది. తెలుగులో ఎవరిదో చెప్పని క్రియలు చాలా ఉన్నాయి. ‘వెళ్ళాలి’, ‘వద్దు’, ‘చాలు’, ‘కూడదు’, ‘అక్కర్లేదు’. నేను వెళ్ళాలి, నువ్వు వెళ్ళాలి, ఆమె వెళ్ళాలి, అన్నిటికీ రూపం ఒకటే. ఇలా ఒక కథ మొదలైందనుకోండి:

సరళ కిటికీ మూసింది. వాన ఇంకా తగ్గలేదు. ఇప్పుడే వెళ్ళాలి. అమ్మకి చెప్పకూడదు. చెప్తే పంపదు.

మొదటి వాక్యం కథకుడిది. చివరిది సరళది. మధ్యలో ఎక్కడ చేతులు మారింది? చెప్పలేం. వాన తగ్గలేదని కథకుడు చెబుతున్నాడా, సరళ విసుక్కుంటోందా? రెండూనూ. దీన్ని ఇంగ్లీషులో పెట్టండి. ‘ఐ’ అనాలా ‘షీ’ అనాలా అని మూడో వాక్యం దగ్గరే ఆగిపోతారు. తెలుగు ఆ ప్రశ్నే అడగదు.

ఇంత సులువు చేతిలో ఉంటే మన కథల్లో ఎక్కువగా కనిపించేదేమిటి? ‘అని అనుకుంది సరళ.’ ‘అని ఆలోచించసాగింది.’ ‘అని మనసులోనే అనుకున్నాడు.’ మనసులో కాక ఇంకెక్కడ అనుకుంటాడు? 1969లోనే నవీన్ ‘అంపశయ్య’లో ఒక విద్యార్థి ఒక్క రోజుని అతని బుర్ర లోపలినుంచి రాశాడు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ‘అనుకుంది’ లేకపోతే పాఠకుడు పొరబడతాడేమోనని మనకి భయం. పినార్ వచ్చి పట్టుకుంటాడేమోనన్న భయం కూడా అందులో కొంత ఉందనుకుంటాను.

*

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది కొటేషన్ గుర్తులు.

మన కథల్లో చాలాకాలంగా ఒక ఒప్పందం నడుస్తోంది. గుర్తుల బయట కథకుడు ఉంటాడు, పుస్తకాల తెలుగు రాస్తాడు. గుర్తుల లోపల పాత్ర ఉంటుంది, ఊరి మాట మాట్లాడుతుంది. ‘సహజంగా ఉంది సంభాషణ’ అని మనం మెచ్చుకుంటాం. కానీ ఆ గుర్తులు కంచె కూడా. ‘ఈ మాట నాది కాదు, వాళ్ళది’ అని కథకుడు చేతులు దులుపుకునే చోటు అది.

ఒక పరీక్ష చేసి చూడండి. అలాంటి కథ ఒకటి తీసుకుని, మాండలికంలో ఉన్న ఒక సంభాషణని పరోక్ష కథనంలోకి మార్చండి. పాత్ర ‘నేను రాను పో’ అంటే ఇబ్బంది లేదు. ‘నేన్రాన్తీయ్, నీకేం జెప్పాల’ అంటే? ‘తను రానని చెప్పింది’ అని రాస్తే ఆమె మాట పోయింది, ఆమె విసురు పోయింది. ఆమె మాటని ఉంచాలంటే కథకుడి వాక్యం ఆమె భాషలోకి దిగాలి. దిగుతాడా? దిగడం ఇష్టం లేకే కొటేషన్ గుర్తులు పెట్టాడా? ఎవరి భాష కథ చెప్పడానికి పనికొస్తుంది, ఎవరి భాష కథలో నమూనాగా చూపించడానికే పనికొస్తుంది అన్న ప్రశ్న ఇది.

ఈ కంచెని లోపలినుంచి కదిపినవాళ్ళలో రావిశాస్త్రి ఒకరు. ఆయన విశాఖలో వకీలు. సాక్షి నోటి మాట కాగితం మీదికి ఎక్కేసరికి ఏమైపోతుందో వృత్తిరీత్యా చూసినవాడు. ‘ఆరు సారా కథలు’లో ఆయన మనుషులకి గుర్తుల లోపల పేజీలకి పేజీలు మాట్లాడే హక్కునిచ్చాడు. అంతటితో ఊరుకోకుండా వాళ్ళ లయని, వాళ్ళ ఉపమానాల ధోరణిని కథకుడి వాక్యానికి కూడా ఎక్కించాడు. ఆ తర్వాత నామిని సినబ్బ కతలు, మిట్టూరోడి కతలు, ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు వచ్చాయి. అక్కడ చెప్పే పిల్లవాడే కథకుడు కాబట్టి కంచె అవసరమే లేకపోయింది. వేముల ఎల్లయ్య ‘కక్క’ ఇంకా ముందుకెళ్ళింది. ఆ నవలలో మాదిగ వాడ భాష పాత్రల నోళ్ళకే పరిమితం కాదు, కథనమే ఆ భాషలో నడుస్తుంది. ‘చదవడం కష్టంగా ఉంది’ అన్న ఫిర్యాదు ఆ పుస్తకం గురించి నేను చాలాసార్లు విన్నాను. ఆ కష్టం ఎక్కడిదో ఇప్పుడు నాకు కొంచెం తెలుస్తోంది. ఆ మాటలు మనకి కొత్త కావు. గుర్తుల లోపల ఉన్నంతసేపు చదివినవాళ్ళమే, ముచ్చటపడినవాళ్ళమే. అవి బయటికొచ్చి, మనకి కథ చెప్పడం మొదలుపెట్టేసరికి కష్టమైంది.

జేమ్స్ జాయిస్‌కీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. ఆయన నవలలో అంకుల్ చార్లెస్ అనే ముసలాయన పెరట్లో గదికి వెళ్ళే చోట కథకుడు ఒక దర్జా మాట వాడాడు. విండమ్ లూయిస్ దాన్ని పాచిపోయిన రాత అని ఎద్దేవా చేశాడు. అది జాయిస్ మాట కాదనీ, తన గురించి తను చెప్పుకోవాల్సివస్తే అంకుల్ చార్లెస్ వాడే మాట అనీ తర్వాత హ్యూ కెన్నర్ వివరించాడు. కథకుడి వాక్యంలోకి పాత్ర ఒక్క మాటగా దూరొచ్చు. ఆ ఒక్క మాట వినపడాలంటే మాత్రం, ముందు ఆ మనిషి ఎలా మాట్లాడతాడో మనం విని ఉండాలి.

*

అందుకే ఈ పాఠాన్ని తీసెయ్యమని నేననడం లేదు. ఒకరి మాటని మరొకరు చేరవేయడం అన్నది లేకపోతే కథలే లేవు. మహాభారతం వైశంపాయనుడు జనమేజయుడికి చెప్పింది, సూతుడు మళ్ళీ శౌనకాది మునులకి చెప్పింది. గీతలో కృష్ణుడి మాటలు మనకి అందింది సంజయుడి నోట. అదే గీతని తిక్కన తెలుగులో కొద్ది పద్యాలకి కుదించాడు. చేరవేసే ప్రతివాళ్ళూ ఏదో ఒకటి మారుస్తారు. ఏం మార్చామో తెలిసి మార్చడం, తెలియక మార్చడం, ఈ రెంటికీ మధ్య తేడా ఉంది. బడి పాఠం మార్పులన్నిటినీ నియమాలుగా చెప్పి, అవి ఎంపికలన్న సంగతి దాచేసింది. దాని మీద నా ఫిర్యాదు అంతే. పట్టికలో కుడివైపుకి వెళ్ళే ముందు ఒక్క క్షణం ఆగి, ‘ఈ మాటని దూరం పెట్టాల్సిన పని నాకేముంది?’ అని అడగమని ఏ మాస్టారైనా చెబితే, ఆ ఒక్క క్లాసు కథలు చదవడానికీ రాయడానికీ సరిపోతుంది.

తాతయ్య వాక్యం దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. స్వేచ్ఛా పరోక్షంలో రాసి చూశాను. చాలా నేర్పుగా వచ్చింది. ఆ నేర్పు నాది, అమ్మమ్మది కాదు. కొట్టేశాను. చివరికి ఆవిడ చెప్పినట్టే, గుర్తుల లోపల, ‘టుమారో’తో సహా రాశాను. నీళ్ళ వంతు అంటే ఏమిటో పిల్లలకి తెలియదు కాబట్టి, కాలవ కింద పొలాలకి వరసగా ఒక్కొక్కరికీ నీళ్ళు వదిలే రోజు అని ఒక వాక్యం పైన చేర్చాను. తర్వాత ఆయన అటు తిరిగి పడుకున్నారు. అంతకన్నా ఒక్క ముక్క రాయలేదు.

పంపిన మర్నాడు పెద్దమ్మ ఫోన్ చేసింది. చిన్నది ఆ కాగితం చదివి ఒకటే అడుగుతోందట, “లేపిందా మరి?” అని.

“నువ్వేం చెప్పావు పెద్దమ్మా?” అన్నాను.

“నువ్వే చెప్తావని చెప్పాను” అంది.